ఓఈటీ రైటింగ్‌లో పది మార్కులు, కొన్ని బుల్లి మాటలు: నా అనుభవం

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. బీఎస్సీ నర్సింగ్ చేసి ఊళ్ళోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నాను. యూకే వెళ్దామని 2024 ఫిబ్రవరిలో ఓఈటీ రాశాను, అంటే వైద్య రంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలో బీ గ్రేడ్ వచ్చింది. రైటింగ్‌లో 290. యూకే కౌన్సిల్‌కి, అంటే అక్కడ నర్సుల్ని రిజిస్టర్ చేసే సంస్థకి, రైటింగ్‌లో సీ ప్లస్ చాలు, అంటే 300. పది మార్కుల దగ్గర ఆగిపోయాను. అక్కడి నుంచి సెప్టెంబర్‌లో రెండోసారి రాసేదాకా ఏం జరిగిందో, ఇన్, ఆన్, టు లాంటి బుల్లి మాటల్ని, అదే ప్రిపొజిషన్లని, ఎలా పట్టుకున్నానో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. ఓఈటీ పూర్తి వివరాలు, ఎవరు పెడతారు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అందరూ మొదట అడిగేది అదే. పరీక్ష ఫీజు అప్పుడు, 2024లో, 587 ఆస్ట్రేలియన్ డాలర్లు. బ్యాంకు వేసిన ఫారిన్ కరెన్సీ ఛార్జీతో కలిపి నాకు 32 వేలు దాటింది. మన డెబిట్ కార్డుల్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా పెంచుకోవాలి. ఇది ఎవరూ ముందు చెప్పరు. కట్టడానికి కూర్చున్నాక పేమెంట్ ఫెయిల్ అని వస్తుంటే, ఈలోగా సీట్లు అయిపోతాయేమోనని ఆ సాయంత్రమంతా ఒకటే టెన్షన్. ఆన్‌లైన్ కోచింగ్‌కి 12 వేలు. హైదరాబాద్ ప్రయాణం, లాడ్జి, తిండి కలిపి ఇంకో ఐదారు వేలు. నా జీతం ఎంతో చెప్పను గానీ, మొదటి పరీక్షకి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం అంటే మీకే అర్థమవుతుంది.

ఫలితం మార్చిలో వచ్చింది. ఆ రోజు నాకు నైట్ డ్యూటీ. మెయిల్ వచ్చిందని తెలిసి కూడా పదిన్నర మందులు ఇచ్చేదాకా ఫోన్ ముట్టుకోలేదు. తెరిచి చూస్తే ఒక్కో పేపర్‌కి ఒక్కో అంకె, అంతే. రైటింగ్ అంటే ఇచ్చిన కేస్ నోట్స్ చూసి ఆ పేషెంట్ గురించి ఒక లెటర్ రాయడం. దాన్ని ఆరు అంశాల మీద దిద్దుతారు: లెటర్ ఎందుకు రాస్తున్నామో స్పష్టంగా ఉందా, విషయం సరిపోయిందా, అనవసరమైనది వదిలేశామా, రాసే తీరు, అమరిక, చివర భాష. కానీ మన చేతికి వచ్చేది మొత్తం కలిపిన ఒక్క అంకె. ఏ అంశంలో పోయిందో చెప్పరు. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. తెల్లారి ఇంటికెళ్ళి చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒక చేతివే కదే పెట్టాం, రెండో చేతివి ఉన్నాయి" అంది.

ఇక్కడ ఒక ఊరట ఉంది, చాలామందికి తెలీదు. యూకే కౌన్సిల్ రెండు సిట్టింగుల మార్కులు కలుపుకోనిస్తుంది. రెండూ 12 నెలల లోపు అయి ఉండాలి, రెండుసార్లూ నాలుగు పేపర్లూ రాయాలి, దేనిలోనూ మరీ కిందికి పడిపోకూడదు. అంటే రెండోసారి లిజనింగ్‌లో కొంచెం తగ్గినా మొదటిసారి వచ్చిన బీ పనికొస్తుంది. ఆ మాట చదివాక గుండె కాస్త కుదుటపడింది. అప్పటి నుంచి నా చదువంతా రైటింగ్ మీదే.

కోచింగ్ వాళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళు నెలకి కొన్ని లెటర్లు దిద్ది పంపేవాళ్ళు. దిద్దడం అంటే ఎర్ర రంగులో గుండ్రాలు, కింద ఒక మార్కు, 'గ్రామర్ మీద ఫోకస్ చేయండి సిస్టర్' అని ఒక వాక్యం. గుండ్రం ఎందుకు చుట్టారని అడిగితే, 'అది ప్రిపొజిషన్ ఎర్రర్, అలవాటు మీద వస్తుంది' అన్నారు. అలవాటు మీద వచ్చేదానికి పన్నెండు వేలు ఎందుకు కట్టానో నాకు అర్థం కాలేదు. పైగా ఒక టెంప్లేట్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు. మొదటి పేరా, చివరి పేరా టెంప్లేట్‌తో గట్టెక్కుతాయి. మధ్యలో ఉండేదంతా పేషెంట్ కథ. దానికి టెంప్లేట్ ఉండదు.

మా వీధి చివర ఒక మాస్టారు ఉన్నారు, హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యారు. అమ్మ పట్టుబట్టి పంపింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం దిద్దిన లెటర్లన్నీ పట్టుకుని వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని అన్నీ చదివారు, చాలాసేపు పట్టింది. చదివాక, "నీకు గ్రామర్ వచ్చమ్మా. టెన్సులు బాగున్నాయి, స్పెల్లింగులు బాగున్నాయి. పోతున్నవన్నీ ఈ బుల్లి మాటలే" అన్నారు. నిజమే, గుండ్రాలన్నీ ఇన్, ఆన్, టు, విత్, ఫర్ చుట్టూనే ఉన్నాయి. లేదా అవి ఉండాల్సిన ఖాళీ చుట్టూ ఉన్నాయి.

"ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నాకు ఇవి ఎక్కడొస్తాయి మాస్టారూ" అన్నాను. ఆయనకి కొంచెం కోపం వచ్చింది. "గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో ఉండి సవర భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం రాశారు. 1931లో అచ్చయింది. నువ్వేమో ఊరి మీద పెడుతున్నావు" అన్నారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళతో ఏం మాట్లాడినా చివరికి గిడుగు వారి దగ్గరికే వస్తుంది. కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది. "ఆసుపత్రిలో రోజూ ఏం రాస్తావు? అది చూపించు."

పేషెంట్ల చార్టులు చూపించకూడదు కాబట్టి, ఎలా రాస్తామో ఒక కాగితం మీద ఉత్తుత్తి పేషెంట్‌ని పెట్టి రాసి చూపించాను. సి/ఓ చెస్ట్ పెయిన్, హెచ్/ఓ ఫాల్, కె/సి/ఓ హైపర్‌టెన్షన్, బీపీ 150/90, ఎలర్జిక్ పెనిసిలిన్. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వారు. "ఇందులో ఒక్క ప్రిపొజిషన్ కూడా లేదు కదమ్మా. అన్నీ గీతల్లోకి, పొడి అక్షరాల్లోకి పోయాయి."

అది నేను ఎప్పుడూ గమనించలేదు. సి/ఓ అంటే 'కంప్లెయిన్స్ ఆఫ్'. హెచ్/ఓ అంటే 'హిస్టరీ ఆఫ్'. చదువయ్యాక ఇన్నేళ్ళుగా వేల చార్టుల మీద రాశాను గానీ ఆ 'ఓ'ని విప్పి పూర్తిగా రాయాల్సిన అవసరమే రాలేదు. లెటర్‌లో రాయాల్సి వచ్చినప్పుడు 'కంప్లెయిన్డ్ అబౌట్ చెస్ట్ పెయిన్' అని రాస్తున్నాను. సర్వీసు బాలేదని కంప్లెయింట్ చేస్తే 'అబౌట్'. ఒంట్లో బాధ చెప్పుకుంటే 'ఆఫ్'. కె/సి/ఓ ఇంకో తలనొప్పి. 'నోన్ కేస్ ఆఫ్' అనేది మన ఆసుపత్రుల్లో వాడుక, అక్కడి లెటర్లలో అలా రాయరు. 'హాజ్ ఎ హిస్టరీ ఆఫ్' అంటే సరిపోతుంది.

ఓఈటీ రైటింగ్‌లో ఇచ్చే కేస్ నోట్స్ కూడా అచ్చం మన చార్టు భాషలోనే ఉంటాయి. తేదీ, జబ్బు పేరు, మందు పేరు, మధ్యలో ఒక చుక్కో గీతో. ప్రశ్నపత్రం మీదే రాసి ఉంటుంది: నోట్స్‌ని పూర్తి వాక్యాలుగా విస్తరించండి, నోట్స్ రూపంలో రాయకండి అని. మొదటిసారి ఆ లైన్‌ని లైసెన్సు కాగితం మీది షరతుల్లా దాటేశాను. పూర్తి వాక్యాలుగా చేయడం అంటే క్రియలు పెట్టడం, ఆర్టికల్స్ పెట్టడం, అన్నిటికంటే ఎక్కువగా ఆ గీతల చోట ఏ ప్రిపొజిషన్ వస్తుందో తేల్చుకోవడం. ఆ పేపర్ పరీక్షించేదే అది, నా లెక్కలో.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళాను. ఫీజు తీసుకోలేదు. ఆయనకీ వాళ్ళావిడకీ బీపీ, షుగర్ చూసి పెట్టేదాన్ని. ఆయన నా లెటర్ చదివే తీరు వేరు. పెన్ను పట్టుకోరు. పేషెంట్ గురించి ఏమీ తెలియని డాక్టర్‌లా కూర్చుని పైకి చదువుతారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. ఒకసారి కేస్ నోట్స్‌లో 'విడో, లివ్స్ సన్' అని ఉంటే నేను 'లివ్స్ నియర్ హర్ సన్' అని రాశాను. "ఈ ముసలావిడ కొడుకు ఇంట్లోనే ఉంటోందా, పక్కింట్లోనా? రాత్రి బాత్రూమ్‌లో పడిపోతే లేవదీసేది ఎవరు?" అన్నారు. 'విత్' అయితే ఇంట్లో మనిషి ఉన్నట్టు, 'నియర్' అయితే రాత్రిపూట ఆవిడ ఒంటరి. లెటర్ అందుకున్న నర్సు చేసే ఏర్పాట్లే మారిపోతాయి. మార్కుల సంగతి తర్వాత.

అదే వారం వార్డులో జరిగింది చెప్తాను. ఒక పేషెంట్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మీద ఉన్నారు, రోజుకి 40 మిల్లీగ్రాములు. డాక్టర్ గారు రౌండ్స్‌లో షీట్ మీద కిందికి బాణం గుర్తు వేసి పక్కన 5 అని రాసి వెళ్ళిపోయారు. ఎప్పుడూ అలాగే రాస్తారు, మేమూ ఎప్పుడూ అర్థం చేసుకుంటాం. ఆ రోజు మాత్రం ఆ బాణం దగ్గర ఆగిపోయాను. 'బై' 5 అయితే 40 కాస్తా 35 అవుతుంది. 'టు' 5 అయితే 40 నుంచి ఏకంగా 5కి పడుతుంది. స్టెరాయిడ్‌ని అలా ఒక్కసారిగా దించకూడదని మాకు తెలుసు, కాబట్టి 'బై' అనే అనుకుంటాం. కానీ కాగితం మీద ఆ మాట లేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాను. "బై ఫైవ్ సిస్టర్, బై ఫైవ్, వారానికోసారి" అని ఆయన కొంచెం చిరాకుగానే చెప్పారు. షీట్‌లో పూర్తిగా రాసి సంతకం పెట్టించుకున్నాను. ఈ ఒక్కటీ తలకెక్కాక 'ఇంక్రీజ్డ్ బై', 'ఇంక్రీజ్డ్ టు', 'రెడ్యూస్డ్ ఫ్రమ్... టు' ఎప్పుడూ తడబడలేదు. నామవాచకం అయితే ఇంకో రకం: 'యాన్ ఇంక్రీజ్ ఇన్ పెయిన్', 'ఎ టెంపరేచర్ ఆఫ్ 38.5'.

మే నెలంతా ఎండలు, పైగా పెళ్ళిళ్ళ సీజను. డ్యూటీలు మార్చుకునేవాళ్ళ బదులు నేనే చేయాల్సి వచ్చింది, పెద్దగా చదవలేదు. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను.

మనలాంటి తెలుగువాళ్ళు ఎక్కువగా పడేది ఎక్కడో చెప్పగలను. మన 'తో', 'లో', 'నుంచి' ఒక్కొక్కటీ చాలా పనులు చేస్తాయి. అమ్మ చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన 'చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి' ఇప్పటికీ గడగడా చెప్పేస్తుంది. ఆ 'తోన్' చోట మనం ప్రతిసారీ 'విత్' పెట్టేస్తాం. 'జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు' దగ్గర 'విత్' సరిపోతుంది, 'అడ్మిటెడ్ విత్ ఫీవర్'. 'షుగర్‌తో బాధపడుతోంది' దగ్గర సరిపోదు, అక్కడ 'సఫరింగ్ ఫ్రమ్'. 'డయాగ్నోజ్డ్' అంటే మళ్ళీ 'విత్'. 'మ్యారీడ్' అంటే 'టు'. 'పదేళ్ళ నుంచి షుగర్ ఉంది' అనేది మా అందరి కొంపా ముంచేది. 'సిన్స్ టెన్ ఇయర్స్' అని రాసేస్తాం. మొదలైన సంవత్సరం చెబితే 'సిన్స్ 2014', ఎన్నేళ్ళో చెబితే 'ఫర్ టెన్ ఇయర్స్'. దాంతో పాటు క్రియ కూడా మారాలి, 'షి హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్' అని. ఒడియా మీడియంలో చదివిన నా ఫ్రెండ్స్ కూడా సరిగ్గా ఇక్కడే పడ్డారు.

కొన్ని చోట్ల మాత్రం తెలుగే ఆదుకుంది. 'అంటిల్ ఫ్రైడే', 'బై ఫ్రైడే' రెండూ నాకు ఒకటే అనిపించేవి. మాస్టారు "శుక్రవారం వరకు కట్టు ఉంచాలా, శుక్రవారానికల్లా కుట్లు తీసేయాలా?" అని అడిగారు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. 'రివ్యూ ఇన్ టూ వీక్స్' అంటే రెండు వారాలు గడిచాక రమ్మని, 'వితిన్' అంటే ఆ లోపు ఎప్పుడైనా అని కూడా అలాగే పట్టుకున్నాను.

నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించినవి అసలు ప్రిపొజిషనే రాకూడని చోట్లు. 'డిస్కస్డ్ అబౌట్ ది డైట్', 'ఇన్ఫార్మ్డ్ టు ది డాక్టర్', 'రిక్వెస్టెడ్ ఫర్ ఎ వీల్‌చైర్'. ఇవి మా డాక్టర్లు కూడా మాట్లాడతారు, చెవికి ఎంత బాగా వినిపిస్తాయో. మూడూ తప్పే. 'డిస్కస్డ్ ది డైట్' అంతే, మధ్యలో ఏమీ రాదు. నామవాచకం అయితే మాత్రం వస్తుంది: 'ఎ డిస్కషన్ అబౌట్', 'ఎ రిక్వెస్ట్ ఫర్'. 'కోప్ అప్ విత్'లో 'అప్' అదనం. మార్కులు పోతున్నాయని భయపడి ఎక్కడ పడితే అక్కడ ఒకటి ఇరికించే అలవాటు నాకు వచ్చేసింది, కోచింగ్ గుండ్రాల పుణ్యమా అని. ఇంకోవైపు, ఉండాల్సినది వదిలేసే చోటు ఒకటుంది. 'ది పేషెంట్ వాజ్ ఆపరేటెడ్' అని మనం అలవాటుగా రాస్తాం. 'ఆన్' లేకపోతే మిషన్‌ని నడిపినట్టు. మనిషికైతే 'ఆపరేటెడ్ ఆన్'. ఇది తెలిశాక మా ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ చూస్తే నవ్వు ఆగలేదు.

చదివే పద్ధతి గురించి. ప్రిపొజిషన్ల రూల్స్ పుస్తకం కొనకండి, నేను 450 పెట్టి కొన్నాను, అలమరలో ఉంది. 'ఎట్'కి ఇరవై అర్థాలు చదివితే ఏమీ గుర్తుండదు. మాస్టారు చెప్పింది తిరగేసి చూడమని. 'టు' కోసం వెతకొద్దు, 'ఎలర్జిక్' కోసం వెతుకు. లెర్నర్స్ డిక్షనరీల్లో ఆ మాట పక్కనే ఏ ప్రిపొజిషన్ వస్తుందో ఉదాహరణతో సహా ఉంటుంది. రెండూ కలిపి ఒకే మాటగా నోటికి పట్టాలి: ఎలర్జిక్ టు, కంప్లయంట్ విత్, ఎట్ రిస్క్ ఆఫ్, డిశ్చార్జ్డ్ ఫ్రమ్, రెఫర్డ్ టు, అండర్ ది కేర్ ఆఫ్. మన వృత్తిలో రోజూ వాడే మాటలు అన్నీ కలిపినా ఒక పలచటి నోటుబుక్కులో పడతాయి. ఊరికే భయపడతాం గానీ సముద్రమేమీ కాదు.

రెండో పని నేను సొంతంగా చేసుకున్నది. యూకే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో దాదాపు ప్రతి జబ్బు గురించీ సులువైన ఇంగ్లీషులో పేజీలుంటాయి. ఆస్తమా, షుగర్, తుంటి ఎముక విరగడం లాంటివి ప్రింట్ తీయించి, ప్రిపొజిషన్ల మీద నల్ల మార్కర్‌తో గీసేసి జిరాక్స్ తీయించుకునేదాన్ని. నైట్ డ్యూటీలో పేషెంట్లు పడుకున్నాక ఆ ఖాళీలు నింపి, అసలు కాగితంతో పోల్చుకునేదాన్ని. మా జిరాక్స్ షాపు అబ్బాయి "ఏటక్కా, ప్రింటర్ పాడైందనుకుంటారు" అనేవాడు. జబ్బు లక్షణాలకి 'సింప్టమ్స్ ఆఫ్', కారణాలకి 'కాజెస్ ఆఫ్', చికిత్సకి మాత్రం 'ట్రీట్‌మెంట్ ఫర్'. అన్ని పేజీల్లోనూ ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి కొన్ని వారాలకి చెయ్యే రాసేస్తుంది. కోచింగ్ మొత్తం కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది, ఖర్చు పేజీకి రెండు రూపాయలు.

'ఇన్ హాస్పిటల్', 'ఎట్ ది హాస్పిటల్' తేడా మాత్రం చాలాకాలం సతాయించింది. పేషెంట్‌గా చేరి ఉంటే 'ఇన్ హాస్పిటల్', బ్రిటిష్ వాళ్ళు 'ది' కూడా పెట్టరు. నేను డ్యూటీలో ఉంటే 'ఎట్ ది హాస్పిటల్'. అమెరికా వాళ్ళు పేషెంట్‌కి కూడా 'ఇన్ ది హాస్పిటల్' అంటారు. యూట్యూబ్‌లో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్తుంటే పిచ్చెక్కింది. ఏదో ఒక పద్ధతి పట్టుకుని లెటర్ మొత్తం దానిలోనే ఉండమన్నారు మాస్టారు. ఇంకో మాట కూడా అన్నారు, అది పరీక్షలో చాలా కాపాడింది: "సందేహం వస్తే వాక్యం మార్చెయ్యమ్మా. ఎట్ పెట్టాలా, ఇన్ పెట్టాలా అని రెండు నిమిషాలు కూర్చోకు."

రెండోసారి ఫీజు జులైలో కట్టాను, రెండో చేతి గాజులతోనే. సెప్టెంబర్ పరీక్ష, శనివారం. బస్సులో పలాస వెళ్ళి, గురువారం సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శుక్రవారం ఉదయం సికింద్రాబాద్. పరీక్ష ముందురోజు రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. బండి లేటయితే 32 వేలూ గంగలో కలిసినట్టే. రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్ట్ ఇచ్చాను కాబట్టి ఒరిజినల్ పాస్‌పోర్టే తీసుకెళ్ళాను. హాల్లో ఏసీ చలి చంపేస్తుంది, పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. లిజనింగ్, రీడింగ్ అయ్యాక రైటింగ్ వస్తుంది, అప్పటికే బుర్ర అలిసిపోయి ఉంటుంది. నా చుట్టూ ఎక్కువమంది మలయాళీ అమ్మాయిలు. బయట వాళ్ళు గలగలా మాట్లాడుకుంటుంటే నాకు లోపల వణుకు మొదలైంది. కొబ్బరి బిస్కెట్లు తెచ్చిన ఒకమ్మాయి నాకూ పెట్టి, తనకిది నాలుగోసారి అంది. ఎందుకో ధైర్యం వచ్చింది.

రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు చదవడానికే, పెన్ను ముట్టుకోనివ్వరు. మొదటిసారి ఆ ఐదు నిమిషాలు నోట్స్ మొత్తాన్ని ఆదరాబాదరాగా చదివేశాను. ఈసారి రాయాల్సిన పాయింట్లు ఏవో చూసుకుని, ఒక్కో గీత దగ్గరా వచ్చే మాటని మనసులో చెప్పుకుంటూ పోయాను. తేదీ కనిపిస్తే 'ఆన్', నెల అయితే 'ఇన్', మందు ముందు మళ్ళీ 'ఆన్', డోసు మారితే 'టు' పెట్టాలా, 'బై' పెట్టాలా అని. లెటర్ బాడీ 180 నుంచి 200 పదాలు ఉండమంటారు. రాసేసరికి ఇంకో ఏడెనిమిది నిమిషాలు మిగిలాయి. ఆ టైంలో అర్థం చూడలేదు. ప్రతి క్రియ మీదా వేలు పెట్టి, దాని వెనకాల ఏం వచ్చిందో మాత్రమే చూశాను. ఒక 'డిస్కస్డ్ అబౌట్' అక్కడ కూడా దొరికింది. కొట్టేశాను.

తర్వాత ఎదురుచూపు, దాదాపు మూడు వారాలు. మొదటిసారి కంటే ఇదే ఎక్కువ నరకం. నెలాఖరుకి బ్యాంకు వడ్డీ మెసేజ్ వచ్చింది, రిజల్ట్ మెయిల్ రాలేదు. అక్టోబర్ మొదట్లో వచ్చింది, ఈసారి పగటిపూట, మాస్టారి ఇంట్లో ఆయన బీపీ చూస్తుండగా. రైటింగ్ 350, అంటే బీ గ్రేడ్. లిజనింగ్ మాత్రం 340కి తగ్గింది, మొదటిసారిది ఉంది కాబట్టి నష్టం లేదు. నేను అరిచిన అరుపుకి ఆయన బీపీ ఎంత చూపించిందో చెప్పను, మళ్ళీ తీయాల్సి వచ్చింది.

290 నుంచి 350కి అంతా ప్రిపొజిషన్ల వల్లే అనను. అనవసరమైన నోట్స్ వదిలేయడం కూడా ఈసారి బాగా చేశాను, మొదటిసారి పేషెంట్ పదేళ్ళ కిందటి చెవి ఇన్ఫెక్షన్ కూడా రాసిపెట్టాను. కానీ మూడు నాలుగు నెలలు నేను గట్టిగా పట్టుకుని చేసిన పని మాత్రం ఇదే. టైం, డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు కోచింగ్ కంటే ముందు మీ లెటర్లు పైకి చదివి ప్రశ్నలు వేసే మనిషిని ఒకరిని వెతుక్కోండి. ఇంగ్లీష్ పండితులే అవ్వక్కర్లేదు.

రెండు పరీక్షలకి, కోచింగ్‌కి, ప్రయాణాలకి కలిపి 90 వేలకి కాస్త తక్కువ అయింది. యూకే కౌన్సిల్‌కి అప్లికేషన్ ఫీజు 2024లో 140 పౌండ్లు, తర్వాత రాసే కంప్యూటర్ పరీక్షకి 83 పౌండ్లు వేరే ఉండేవి. ప్రస్తుతం మన రాష్ట్ర కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్ వెళ్ళడం కోసం చూస్తున్నాను. అది తేలాక ఆ కాగితాల గురించి వేరే రాస్తాను. కార్డులో ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవడం మాత్రం ఇవాళే చేసేయండి, పరీక్ష ఇంకా ఆర్నెల్లు ఉన్నా సరే.